మా ఆయన చీరల యంత్రం

మా ఆయనకు చీరల కొట్టంటే పంటి డాక్టరు కుర్చీతో సమానం. ఎమ్మిగనూరు బసప్ప కొట్లో నేను రెండో చీర విప్పించేలోపే గోడకు చేరబడి, "అన్నీ ఒకటే కదే!" అని మూలుగుతారు. ఆదోని కాలేజీలో కంప్యూటర్లు చెప్పే జయరాం గారికి రాణి రంగూ దానిమ్మ రంగూ ఒకటే.

ఆడబిడ్డ మల్లేశ్వరి కూతురి పెళ్లి కుదిరిందనగానే ముందుజాగ్రత్త పడ్డారు. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ అనేదేదో ఎక్కించి, బసప్ప చీరల ఫోటోలన్నిటికీ వర్ణనలు రాసి, వెతికే యంత్రమొకటి తయారుచేశారు. ఇంట్లో ఎవరి అనుమతీ అడగని మనిషి, ఆ నల్ల తెర "అనుమతి లేదు" అన్నప్పుడల్లా వినయంగా పాస్‌వర్డ్ కొట్టుకున్నారు. చూసి ముచ్చటేసింది.

"ఇది మాటలు చూసి వెతకదే, అర్థం చూసి వెతుకుతాది. నీ మనసులో ఉండేది రాయి, చీర చూపిస్తాది."

"చూపించకపోతే?"

"కొట్లో నువ్వు లేసేదాకా కూసుంటా. ఫోన్ గూడా ముట్టను. చూపిస్తే మాత్రం, జన్మలో నన్ను చీరల కొట్టుకు పిలవగూడదు."

ఒప్పుకున్నాను. "వదిన కుళ్లుకోవాలి, అత్త దుబారా అనకూడదు, పెళ్లిలో ఇంకెవరికీ ఉండకూడదు" అని రాశాను.

టక్కున వచ్చింది. నెమలిపింఛం రంగు, సన్నంచు. చెప్పొద్దూ, బాగుంది. మా ఆయన మీసం మెలేశారు. ఆయనకు మీసం లేదు.

"ఇంత మంచిది మనమే దాసుకుంటే ఎట్లండీ? మనోళ్లకందరికీ పంపండి" అన్నాను.

పొంగిపోయి బంధువుల వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టారు. అందరూ ఒకేసారి చీరలు వెతికేసరికి ల్యాప్‌టాప్ ఫ్యాను పిండిగిర్నీలా మోగింది.

పసుపు దంచే రోజు మల్లేశ్వరి వదిన ఇంట్లో అందరం పెళ్లి చీరలు బయటికి తీశాం. వదినది నెమలిపింఛం రంగు, సన్నంచు. తోడికోడలు ఉమాదేవిదీ అదే. మా అత్త ఎల్లమ్మదీ అదే. నాది సంచిలోనే ఉంచాను.

"ఏం రాసినావ్ ఉమా?" అంది వదిన.

"మల్లక్క కన్నా బాగుండల్ల..." ఉమాదేవి నాలుక కరుచుకుంది. "నువ్వేం రాసినావక్కా?"

"ఎవురికాడా లేనిది గావల్లని."

"నేనేమీ రాయలా. కోడండ్ల కన్నా తగ్గగూడదని ఒక్కమాట రాపించినా" అంది అత్త.

మాటలు వేరు, అర్థం ఒక్కటే. పాపం, యంత్రం అందరినీ సరిగ్గానే అర్థం చేసుకుంది.

"జయరామా! బ్యాండు మేళమోళ్ల మాదిరి ఒకే గుడ్డల్లో నిలబడల్లనా మేము?" అని వదిన కేకేసింది.

నేను నెమ్మదిగా నా చీర కూడా తీశాను. "ఇంకెవరికీ ఉండకూడదని రాసినా కదండీ. పందెం గుర్తుందా?"

మర్నాడు జీపు నిండా ఆడవాళ్లతో ఎమ్మిగనూరు పోయాం. ఆయనను కొట్లో పరుపు మధ్యలో కూర్చోబెట్టి, ఫోను నా సంచిలో వేసుకున్నాను. మార్చుకోవడానికి విప్పించిన చీరలు ఆయన మోకాళ్లు దాటి, నడుం దాకా వచ్చాయి. బసప్ప మొహం మాత్రం వెలిగిపోతోంది.

"బావా, ఈ రెండిట్లో యాది బాగుంది?" ఉమాదేవి రెండు చీరలు మొహం మీదికి పట్టింది.

"రెండూ ఒక..." అనబోయి, చుట్టూ మా మొహాలు చూసి ఆగారు.

తర్వాత రెండు చేతులూ జోడించి, కొట్టంతా వినపడేలా అన్నారు: "అన్నీ ఒకటైతే ఏమైతాదో కండ్లారా చూసినా. తప్పు నాదే తల్లీ! అన్నీ ఒకటి గాదు!"