పరుశురాం మెదడు, బ్రహ్మచారి పాట

ఆదివారం పొద్దున్నే బ్రహ్మచారి పెట్టుకున్నది చిన్న పని: తాళాలు తుడుచుకుని, వెంకటవ్వ ఇంటికెళ్లి, వచ్చే శనివారం భజనలో ఏ పాటలు పాడాలో చెప్పి రావడం. పరాయి రాష్ట్రానికి వలసొచ్చిన నేతపనివాళ్ల పేట గోడాదరా. అక్కడి తెలుగు భజన మండలిలో ఇరవై రెండేళ్లుగా ముందుపాట అతనిదే. పగలు మగ్గాల దగ్గర, శనివారాలు మండలిలో, ఆ నోరు మూతపడ్డ రోజు లేదు.

వెళ్లేసరికి, భజనలో అతను కూర్చునే పీట మీద పరుశురాం కూర్చుని ఉన్నాడు. పది రోజుల క్రితం మగ్గాల కార్ఖానాలో జారిపడి, తలకు స్కానింగ్ తీయించుకున్నవాడు. ఏనాడూ ఏ పాటకూ గొంతు కలపనివాడు.

"ఇగ ముందుపాట పరుశురాందే," అంది మండలి పెద్ద వెంకటవ్వ. "వాని మెదడుల వినే జాగ మస్తు పెద్దగున్నదట. పాటగాళ్లకు గట్లనే ఉంటదని డాక్టరమ్మ చెప్పింది."

బ్రహ్మచారికి ఒళ్లు మండిపోయింది. "ఇరవై రెండేండ్ల సంది గొంతు చించుకుంటున్న, గది ఇనవడ్తలేదా అవ్వా?"

"నీ మెదడు ఎవలు జూసిండ్రు?"

చూపిస్తా! ఎవరి మెదడు ఎంతో చూపిస్తా! అడగ్గానే తల ఫొటో తీయరు కదా. మర్నాడు ఆ డాక్టరమ్మ హిమశ్రీ దగ్గరికే వెళ్లి, తల తిరుగుతోందనీ, చెవుల్లో హోరుగా ఉందనీ పచ్చి అబద్ధం ఆడాడు. ఆవిడ కంగారుపడి స్కానింగ్ రాసింది. రాసి ఊరుకుందా? "రిపోర్టు వచ్చేదాకా మగ్గం పనికి వెళ్లకండి. గొంతెత్తి పాడకండి," అంది.

సాయంత్రానికి ఈ మాట గోడాదరా అంతా పాకింది. వెంకటవ్వ కొబ్బరిబోండాం పట్టుకుని వచ్చి, కళ్లొత్తుకుని, "పాట ముచ్చటే తియ్యకు బిడ్డా, పానం బాగుంటే సాలు," అంటూ తాళాలు కూడా పట్టుకుపోయింది. పాట పోయింది, తాళాలు పోయాయి, పైగా జాలి! బ్రహ్మచారి పళ్లు కొరికాడు.

బుధవారం స్కానింగ్. గొట్టంలో పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి మిషన్ వేశారు. టకటకా టకటకా మొదలైంది. అచ్చం మగ్గం చప్పుడే. మగ్గం ఆడితే పాట ఎత్తుకోవడం, పాటకు తల ఊపడం అతనికి ఎప్పటి నుంచో అలవాటు.

"కాకా, గానా బంద్ కరో!" అని స్పీకర్లోంచి అరిచాడు మిషన్ నడిపేవాడు.

"నేనేడ పాడిన భాయ్?" అని బ్రహ్మచారి నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. మూడుసార్లు వేశారు. మూడుసార్లూ పల్లవి దాటి చరణంలోకి వెళ్లిపోయాడు.

తోడొచ్చిన వెంకటవ్వ ఎదుటే హిమశ్రీ రిపోర్టు చదివింది. "పరీక్ష జరిగినంతసేపూ పాడుతూనే ఉన్నారట. తల ఊపారట. బొమ్మలు పనికిరావట. తల తిరిగేవాళ్లు ఇలా పాడతారా అండీ?"

బ్రహ్మచారి ఉన్నదంతా కక్కేశాడు. ఈసారి డాక్టరమ్మకు మండింది. "సంగీతం సాధన చేసినవాళ్లకి ఆ భాగం పెద్దగా ఉండొచ్చు అన్నాను. అది పెద్దగా ఉన్నవాళ్లంతా పాడతారని అన్నానా?"

వెంకటవ్వ ఆ కాగితాన్ని మడిచి కొంగున ముడేసుకుంది. "వీడు పాడిండని కాయితం మీదనే రాసిండ్రు గదా. ఇంకేం గావాలె?" అని ముందుపాట మళ్లీ బ్రహ్మచారికే ఇచ్చేసింది.

శనివారం సాయంత్రం అతను ఛాతీ విరుచుకుని తన పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా ఇంకో పీట వేశారు. దాని మీద పరుశురాం.

"గీడెందుకే అవ్వా?"

"గంత పెద్ద వినే జాగ పెట్టుకొని ఊకె కూసుంటడా? వాడు మంచిగున్నదని తలూపితేనే నువ్వు రెండో చరణానికి పోవాలె."

ఆ సాయంత్రం బ్రహ్మచారి మొదటి చరణాన్నే పదకొండుసార్లు పాడాడు. దెబ్బ తగిలిన తలను నెల రోజులు ఊపొద్దని పరుశురాంకు డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట.