టోపీ ఊడని బుంగమిరప

ఆ ఆదివారం ఉదయం కాపిటోలీనా యెగోరొవ్నా పెట్టుకున్న పని చాలా చిన్నది. కిటికీ గట్టు మీది పెరుగు డబ్బాలో మొలిచిన బుంగమిరప నెత్తిన గింజ తొక్క టోపీలా బిగుసుకుపోయింది. దాని మీద ఒక చుక్క గోరువెచ్చని నీళ్లు వేయాలి, పది నిమిషాలు ఆగాలి, పట్టకారుతో టోపీ తీసేయాలి, ఆ తర్వాత టీ తాగాలి. మార్చి నెలలో మా సరాతోవ్‌లో సగం మంది ఆదివారం పూట చేసే పని ఇదే.

కాకపోతే మిగతావాళ్ల కిటికీల్లో ఎనభై మొలకలుంటాయి, ఒకటి పోయినా డెబ్భై తొమ్మిది మిగులుతాయి. ఈవిడకు ఉన్నది ఒక్కటే. చనిపోయిన వాళ్లమ్మ ఏటేటా గింజ తీసి దాచి, ముప్పై ఏళ్లు కాపాడుకున్న మిరప అది. మొన్న చలికాలంలో అమ్మ పాత కోటు విప్పి కుడుతుంటే, అస్తరులో ఒక అగ్గిపెట్టె దొరికింది. అందులో తొమ్మిది గింజలు. చంద్రుడి క్యాలెండరు చూసి మరీ వేస్తే ఎనిమిది మట్టిలోనే ఉండిపోయాయి. తొమ్మిదోది లేచింది గానీ టోపీ తీయనని మొండికేసింది. లోపలున్న రెండాకులు వెలుతురు లేక పాలిపోతున్నాయి. ఇంకో రోజు అలాగే ఉంటే అది కూడా దక్కదు.

ఇది బతికితే చెల్లెలు తమారాకు ఫోన్ చేయొచ్చు. అసలు సంగతి అదీ.

మా వైపు మొక్క ఇచ్చినవాళ్లకు థాంక్స్ చెప్పకూడదు. చెబితే మొక్క బతకదు. మాట్లాడకుండా తీసుకోవాలి, లేదంటే దొంగిలించాలి. దొంగిలించిన మొక్కయితే ఇంకా ఏపుగా పెరుగుతుంది. నాలుగేళ్ల కిందట తమారా అమ్మ మిరప నారు పన్నెండు మొక్కలు తెచ్చి ఇస్తే, కాపిటోలీనా సంతోషం పట్టలేక, చెల్లెల్ని ముద్దుపేరుతో పిలుస్తూ, "థాంక్సే తోమా!" అనేసింది. వారం తిరక్కుండా పన్నెండూ వాలిపోయాయి. "నా దగ్గరున్నవీ పోయాయి! నీ నోటితో అమ్మ మిరప వంశమే తుడిచిపెట్టావు," అని అరిచి తమారా ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు.

కాపిటోలీనా ఆ మాటే మానుకుంది. రొట్టెల కొట్టు అమ్మాయికి కూడా చెప్పదు. పొగరుబోతు ముసలిదని వీధంతా పేరొచ్చింది. ఆదివారాలు మాత్రం కిటికీ దగ్గర కూర్చుని, కింద ఏడో నంబరు ట్రాము ఆగినప్పుడల్లా ఎవరు దిగుతున్నారో చూస్తుంది. తమారా ఊరి ఆ చివర నుంచి ఆ ట్రాములోనే, క్యాబేజీ కూరిన రొట్టెలు మూటగట్టుకుని వచ్చేది. ఇప్పటికి రెండు వందల ఆదివారాలు గడిచాయి. చెల్లెలి మీద బెంగ ఆవిడకు మోకాళ్ల నొప్పిలాంటిది. చలికాలం ఎక్కువ, ఎండాకాలం కాస్త తక్కువ, పోవడం మాత్రం లేదు.

సరే, చుక్క వేసింది, పది నిమిషాలు ఆగింది, పట్టకారు తీసుకుంది. చెయ్యి వణికింది. నీళ్లు తాగి మళ్లీ పట్టుకుంది. ఇంకా ఎక్కువ వణికింది. కింది అంతస్తులో వాచీలు బాగుచేసే రొదియోన్ సవేల్యెవిచ్ గుర్తొచ్చి, భూతద్దం అడుగుదామని దిగింది.

"భూతద్దం ఒక్కటే ఏం చేసుకుంటారు? చెయ్యి కూడా కావాలి. పదండి, నేనే వస్తా," అన్నాడాయన. లెనిన్‌గ్రాద్‌లో పుట్టి పెరిగిన బ్రహ్మచారి. ఇంట్లో నలభై గడియారాలున్నాయి, ఒక్క మొక్క లేదు, మొక్కల ఆచారాలూ తెలియవు.

ఆయన కంటికి అద్దం బిగించుకుని, సన్నటి సూదితో టోపీని వెంట్రుకవాసి కదిపాడు.

"కదిలింది!" అన్నాడు.

కాపిటోలీనా గుండె ఉప్పొంగింది. "థాం..." అని నోట్లోంచి సగం మాట జారిపోయింది. చటుక్కున చేత్తో నోరు నొక్కేసుకుంది. మూతి వంకర పోయింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రొదియోన్ సూది కింద పెట్టాడు. ఆయన అన్నగారికి పక్షవాతం వచ్చిన రోజు సరిగ్గా ఇలాగే సగం మాట, వంకర మూతి.

"కాపిటోలీనా యెగోరొవ్నా, ఏదీ, ఒకసారి నవ్వండి."

ఆవిడ భయం భయంగా నవ్వింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది.

"రెండు చేతులూ పైకెత్తండి."

ఒక చేత్తో మొలక డబ్బా పట్టుకుని ఉంది. రెండోది ఎత్తింది.

"దేవుడా! ఒక్కటే లేస్తోంది!"

"నాకేం కాలేదండీ. మొక్క దగ్గర ఆ మాట అనకూడదు, అంటే చచ్చిపోతుంది."

"ఏ మాట?"

"అంటే చచ్చిపోతుందని చెబుతుంటే, మళ్లీ ఏ మాటంటారేంటి!"

మతి కూడా పోయిందని రొదియోన్‌కు రూఢి అయిపోయింది. ఆవిణ్ని బలవంతాన సోఫాలో పడుకోబెట్టి, అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఆ తర్వాత గోడ మీద పెన్సిలుతో 'చెల్లెలు తోమా' అని రాసి ఉన్న నంబరు తిప్పి, "మీ అక్కయ్యకు మాట పడిపోయింది, వెంటనే రండి," అన్నాడు.

"పడిపోలేదు!" అని సోఫా మీంచి కాపిటోలీనా కేక పెట్టింది.

ఆయన దుప్పటి కప్పాడు, దిండు సర్దాడు, నీళ్లు పట్టాడు. ప్రతిసారీ ఆ మాట ఆవిడ నాలుక చివరికొచ్చింది. ప్రతిసారీ ఆవిడ నోరు మూసుకుంది. ప్రతిసారీ ఆయన నాడి చూశాడు.

"ఇందాక ఎవరికి చేశారు ఫోన్?"

"మీ చెల్లెలికి."

ఆవిడ మోచేతి మీద పైకి లేచింది. "వస్తానందా?"

"ఏమీ అనలేదు. ఫోన్ కిందపడిన చప్పుడైంది."

"ఆ దువ్వెన ఇలా ఇవ్వండి," అంది కాపిటోలీనా.

అంబులెన్సు డాక్టరమ్మ ఐదంతస్తులు రొప్పుతూ ఎక్కొచ్చింది. రక్తపోటు చూసింది, మోకాళ్ల మీద సుత్తితో కొట్టింది, జరిగిందంతా వింది. రొదియోన్ వైపు తిరిగి, "ఏ ఊరండీ మీది?" అంది.

"లెనిన్‌గ్రాద్."

"అనుకున్నా." డాక్టరమ్మ మొలక మీదికి వంగింది. "ఇంకా ఊడలేదా? పరగడుపు ఉమ్మితో తడపాలమ్మా. మా ఇంట్లో నూటపది టమాటాలు, అన్నిటికీ అదే వైద్యం."

అప్పుడే తలుపు గోడకు కొట్టుకుంది. తమారా. రాత్రి గౌను మీద కోటు, కాళ్లకు ఇంట్లో చెప్పులు, చంకలో ఉన్ని శాలువా మూట.

"బతికే ఉన్నావా?"

"ఉన్నానే."

"మాట పడిపోయిందన్నారు!"

"పడిపోలేదు. ఆపుకున్నా."

తమారా మూటను జాగ్రత్తగా గుమ్మం పక్కన బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడి, గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, తిట్టి, మళ్లీ ఏడుస్తుండగా డబ్బా మీద చూపు పడింది.

"అది... అమ్మదా?"

"ఒక్కటే మిగిలింది. నీ చెయ్యయితే వణకదే."

చిన్నప్పట్నుంచీ వాళ్లింట్లో మొలకల టోపీలు తీసేది తమారానే. ముక్కు తుడుచుకుని, "జరగండి," అని అందర్నీ పక్కకు తోసింది. వేలు తడిపింది, తొక్క నానేదాకా ఆగింది, సూది మొన దూర్చి సుతారంగా లాగింది. టోపీ వచ్చేసింది. టోపీలో తల కూడా వచ్చేసింది.

డాక్టరమ్మ పక్షవాతం లేదని కాగితం మీద రాసి, పెట్టె సర్దుకుని, రొదియోన్‌ను రెక్క పట్టుకుని బయటికి తీసుకెళ్లిపోయింది.

"చంపేశాను," అంది తమారా, వేలి మీది టోపీని చూస్తూ.

ఎత్తిపొడవడానికి ఇంతకంటే మంచి అదను రాదు. కాపిటోలీనా చెల్లెలి చేతులు పట్టుకుంది. "మంచుగడ్డల్లా ఉన్నాయి కదే. చేతి తొడుగులైనా లేకుండా వచ్చావా? టీ పెడతా, కూర్చో."

తమారా కూర్చోలేదు. గుమ్మం దగ్గరికెళ్లి శాలువా విప్పింది. లోపల మట్టి కుండీ. అందులో జానెడు బుంగమిరప, ఆరాకులతో నిక్కి నిలబడి ఉంది.

"అమ్మదే. నా దగ్గరవి పోలేదక్కా. కోపంలో అనేశా. అన్నాక ఎలా చెప్పను? ఏటా నీకోసం ఒకటి పెంచుతున్నా. ఆదివారం ఏడో నంబరు ఎక్కుతా. నువ్వు కిటికీలో కనబడతావు. దిగడానికి కాళ్లు రావు. ఇవాళ... నువ్వు పోయేలోపు చూపిద్దామని."

కాపిటోలీనా వంగి ఆరాకులూ ఒక్కొక్కటే ముట్టుకుంది. "థాం..."

"నోర్ముయ్!" తమారా అరచేత్తో అక్క నోరు మూసేసింది. అలా ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు. "నేనివ్వను. ఇస్తే నువ్వు నోరు జారతావు. చేతులు కడుక్కొస్తా," అని తమారా స్నానాలగదిలోకి వెళ్లి, తలుపేసుకుని, కుళాయి పూర్తిగా తిప్పింది.

కాపిటోలీనా అటూ ఇటూ చూసింది. మునివేళ్ల మీద నడిచి, కుండీ ఎత్తుకుని, పడగ్గది కర్టెన్ వెనక దాచేసింది.

తమారా వచ్చి, ఖాళీ శాలువాను చూసి, ఐదంతస్తులూ వినబడేలా గుండెలు బాదుకుంది. "అయ్యో, నా మొక్క ఎవరో ఎత్తుకెళ్లారు!"

"పోలీసులకు ఫోన్ చేయనా?" అని కింది నుంచి రొదియోన్ కేక వేశాడు.

దొంగ ఇంతవరకూ దొరకలేదు. వెతకడానికి తమారా ప్రతి ఆదివారం ఏడో నంబరు ట్రాములో వస్తూనే ఉంది.