లిప్పు కలిసింది

ఆ శుక్రవారం పొద్దున ఆదినారాయణ ఆఫ్రికాకు కేటాయించింది ఒక్క గంట. పెసరట్టు తిని, యూసుఫ్‌గూడలో ఆటో ఎక్కి, ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో ఆ గంట కాస్తా ముగించుకుని, మధ్యాహ్నం భోజనానికి భార్యతో కలిసి శ్రీనగర్ కాలనీలో తోడల్లుడి ఇంటికి చేరాలన్నది ఆయన ఏర్పాటు.

"అక్క పనసపొట్టు కూర చేస్తోంది. ఆలస్యం చేశారంటే మా బావగారు ఆగరు, గిన్నె ఖాళీ చేస్తారు," అంది శారదాదేవి.

"ఎంతసేపు? ఐదు నిమిషాల టేపు. లిప్పు కలిపేసి వచ్చేస్తా."

లిప్పు కలపడమే ఆయన వృత్తి. పరాయి భాషలో తీసిన సినిమాలకు తెలుగు మాటలు రాస్తాడు. తెర మీద మనిషి పెదవులు ఎక్కడ మూసుకుంటే అక్కడ ప అయినా, బ అయినా, మ అయినా పడాలి. పడితే లిప్పు కలిసినట్టు. అసలు భాషలో హీరో ఇడ్లీ చల్లారిందన్నాడా, ఇల్లు తగలబడిందన్నాడా అన్నది చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూసి తేల్చుకోవచ్చు. ఆ పద్ధతిలోనే ముప్ఫై ఏళ్ళుగా అరవం నుంచి, మలయాళం నుంచి, చివరికి చైనా కత్తియుద్ధాల నుంచి కూడా తెలుగు పిండాడు. వాటిలో ఒక్క భాష కూడా ఆయనకు రాదు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈసారి మాత్రం ఒకరు అడిగారు. జూబ్లీహిల్స్‌లో ఒక క్రైస్తవ సంఘానికి పాస్టరు, కమలాకర్ గారు. హైటెక్ సిటీలో అద్దాల మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. ఆ మేడల్లో పనిచేసే కుర్రకారే ఆయన సంఘంలో సగం. వాళ్ళంతా కలిసి ఆఫ్రికాలో మలావీ అనే దేశంలో, ఒక నిరుపేద ఊళ్ళో చిన్న బడి నడుపుతున్నారు. వంతులవారీగా ఒకరు వెళ్ళి పిల్లలకు చదువు చెప్పి రావాలని ఏర్పాటు. ఆ మధ్య మొదటి వంతుగా నవత అనే అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి సెలవు పెట్టి వెళ్ళి, వస్తూ వస్తూ వీడియో టేపు ఒకటి తెచ్చింది.

"వాళ్ళది చిచేవా అనే భాషండీ. మీకు వచ్చా?" అని ఫోన్లో అడిగారు పాస్టరుగారు.

"నాకు ఏ భాషైనా ఒకటేనండీ," అన్నాడు ఆదినారాయణ.

ఈయన చెప్పింది అబద్ధం కాదు, ఆయన విన్నది తప్పూ కాదు. పాస్టరుగారు ఫోను పెట్టేసి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నారు.

ఆదినారాయణ ఆటో దిగేసరికి పాస్టరుగారు థియేటర్ మెట్ల మీదే ఎదురుచూస్తున్నారు.

"వందనాలండీ. నవత మీ పక్కన కూర్చుని సాయం చెయ్యాల్సింది. పాపం మలేరియా పట్టుకుంది, ఆస్పత్రిలో చేర్చాం. మీకెలాగూ భాష వచ్చు కాబట్టి దిగులు లేదు."

ఆదినారాయణ నోరు తెరిచాడు. 'రాదండీ' అనడానికి ఎంతో శ్రమ అక్కర్లేదు. కానీ పక్కనే సౌండ్ ఇంజనీరు పృథ్వీరాజ్ వింటున్నాడు. శ్రీనగర్ కాలనీలో పనసపొట్టు ఉడుకుతోంది. పైగా తనకు ఏదో వచ్చని ఎవరైనా అంత గౌరవంగా అనడం ఆయన బతుకులో ఇదే మొదలు. పెదవులు కలిశాయి గాని మాట పడలేదు.

"సందర్భం చెప్పండి, చాలు," అన్నాడు.

"నవత బయల్దేరే ముందురోజు ఒక పాప మాట్లాడిందండీ. చిసోమో అని పేరు. ఆ బడి ఇంకో ఏడాది నడపాలా, మూసెయ్యాలా అన్నది ఆదివారం సంఘం తేల్చాలి. ఇక్కడ మేమెంత చెప్పినా ఆ పిల్ల నోటి మాటకు సాటి రాదు కదా. బడి బతకడం ఇక మీ చేతిలో ఉందనుకోండి."

తెర మీద మట్టి ఇటుకల గోడ, దానికి కట్టేసిన మేక, ముందు ఏడెనిమిదేళ్ళ పిల్ల. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. నవ్వడం లేదు. ఏదో అంటూ వేలితో గాలిలో పైనుంచి కిందికి పొడుగ్గా గీత గీసింది. తర్వాత వేలు గుండ్రంగా తిప్పింది. మళ్ళీ గీత, మళ్ళీ గుండ్రం, ప్రతిసారీ పెదవులు గట్టిగా కలుస్తున్నాయి. చివరికి కెమెరా వైపు వేలు చూపించి, ఆ వేలితోనే తన పక్కనున్న నేల చూపించింది.

ఆదినారాయణ కుర్చీ అంచుకు జరిగాడు. "బావి పృథ్వీ, ఇది బావి. ఆ పొడుగు గీత లోతు. గుండ్రం గిలక. నేల చూపించడం... ఇక్కడ తవ్వండి అంటోంది."

కలం ఆగలేదు. 'బాబూ, మా బావి లోతు. బొక్కెన బరువు. మా అమ్మ మొయ్యలేదు. మాకు పంపు పంపండి. బోరు ఇక్కడ వెయ్యండి.' పిల్లల గొంతులు పలికే లీలాకుమారి వచ్చి ఒకే టేకులో చెప్పేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ బయటికి వెళ్ళింది.

"లిప్ మొత్తం సెట్ అయింది సార్," అన్నాడు పృథ్వీరాజ్. "పిల్ల తెలుగులనే మాట్లాడినట్టుంది."

ఆదినారాయణ ఆ మధ్యాహ్నం పనసపొట్టు కూర రెండుసార్లు వేయించుకున్నాడు.

ఆదివారం సాయంత్రం పాస్టరుగారి ఫోను. ఆయన గొంతు ఇంకా తడిగానే ఉంది. "అందరం ఏడ్చామండీ. దేవదానం గారు లేచి నిలబడి, పంపు నేనిస్తానన్నారు. బాలానగర్లో ఆయనకు మోటారు పంపుల ఫ్యాక్టరీ ఉంది. ఇంకొకరు సగం పైపులన్నారు, ఇంకొకరు ఓడ ఖర్చన్నారు."

"మరి బడి?"

"ముందు దాహం, తర్వాత చదువు అన్నారు అందరూ. బడికని దాచిందంతా పైపులకే మళ్ళించేశాం."

ఆదినారాయణ పొంగిపోయి భార్యకు చెప్పాడు. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ వింది.

"ఆ పిల్ల నిజంగా అదే అందంటారా?"

"లిప్పు కలిసిందే."

"నేనడిగింది అది కాదు."

ఆయన పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత కథ ఎవరి చేతుల్లోనూ లేదు. టేపు ఒక టీవీ చానల్‌కి ఎక్కింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో కొత్త సినిమా కటౌట్ల మధ్య 'బావి లోతు, బొక్కెన బరువు' అని బ్యానరు లేచింది. ఒక శనివారం పొద్దున సాఫ్ట్‌వేర్ పిల్లలు 'పంపు పంపండి' అని రాసిన టీషర్టులు తొడుక్కుని, ఆ ఊరి తల్లుల కష్టం తెలియాలని తలల మీద బిందెలతో కొండ ఎక్కారు. వాళ్ళలో చాలామందికి బిందె తలమీద నిలవలేదు. దార్లో ఒక బంగళా వాచ్‌మన్ కొమురయ్య భార్య కొమురమ్మ కుళాయి దగ్గర తన బిందె నింపుకుంటూ, వీళ్ళ ఇళ్ళల్లో నీళ్ళు బందయినయేమో అని జాలిపడింది. ఆ వారమే పంపు ఓడ ఎక్కింది.

ఆదినారాయణకు మాత్రం తిండి సయించడం మానేసింది. ఆ బ్యానరు కనబడకుండా ఆటోవాడిని చుట్టుదారిన తీసుకెళ్ళమంటున్నాడు.

ఒకరోజు నవత థియేటర్‌కి వచ్చింది. జ్వరానికి చిక్కి సగమయింది. టేపు చివరిదాకా చూసింది.

"పంపు ఏంది సార్?" అంది. "ఆ ఊరికి ఆనుకొనే సరస్సున్నది. అవతలి ఒడ్డు కనపడదు. పొద్దుగూకులు పిల్లలు నీళ్ళల్లనే ఉంటరు. బయటికి గుంజి బడికి తెచ్చుడే నా పని."

పృథ్వీరాజ్ మీటల మీది చెయ్యి తీసేశాడు. ఆదినారాయణ తెర వైపు తిరిగాడు. "అయితే ఆ పాప..."

నవత లేచి తెర దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల గీసినట్టే వేలితో గాలిలో గీసింది. పొడుగు గీత, దాని కింద గుండ్రం. "ఇంగ్లిష్ బి సార్. చిన్న బి. చిసోమోకి బి, డి ఎప్పుడూ తారుమారయితయి. ఇక్కడేమన్నదంటే... 'రేపు నువ్వు పోతున్నవు. బీకి బొజ్జ ఎటుదిక్కు ఉండాల్నో నాకింకా రాలే. నీ చేతుల ఆ కెమెరా పెట్టె పక్కన పెట్టి ఇక్కడ కూసో.'"

తెర మీద మేక గడ్డి నములుతోంది.

ఆదినారాయణ కళ్ళు చెమర్చాయి. నేల చూపించిన ఆ చిన్న వేలిని చూసి బోరు వెయ్యమన్న మహానుభావుడు తనే. కూర్చోమన్న పిల్లకు మోటారు పంపించాడు, ఉన్న బడి కాస్తా ఊడగొట్టాడు. "నాకా భాష రాదమ్మా," అన్నాడు. "మీ పాస్టరుగారికి చెప్పలేకపోయాను. అహంకారం అనుకో, పనసపొట్టు అనుకో."

"ఆ రోజు కెమెరా పట్టుకున్నది నేనే సార్," అంది నవత. "నాకు భాష వచ్చు. అయినా నేను గూడ ఇనలే. ముద్దుగ మాట్లాడుతుందని నవ్వుకుంట షూట్ చేసిన. బస్సు ఎక్కినంక సమజయింది."

మర్నాడు టేపు మళ్ళీ డబ్బింగ్ చేశారు. ఆ పిల్ల అన్న మాటలే, ఉన్నవి ఉన్నట్టు. లీలాకుమారి రెండుసార్లు తడబడింది.

"లిప్ కలుస్తలేదు సార్. నోరు మూసుకున్నా మాట వస్తున్నది," అన్నాడు పృథ్వీరాజ్.

"రానీ."

"జనం నవ్వుతరు."

"నవ్వనీవయ్యా."

ఆదివారం ఆదినారాయణ జూబ్లీహిల్స్‌లోని ఆ హాల్లోకి చెప్పులు బయట విప్పి వెళ్ళాడు. మైకు పట్టుకోవడం ఆయనకు అలవాటు లేదు, వేరేవాళ్ళ నోట పలికించడమే అలవాటు. "నాకు చిచేవా రాదండీ. మీరు విని ఏడ్చింది నా మాటలకు. పాప మాట ఇప్పుడు వినండి," అని చెప్పి గోడ పక్కన నిలబడ్డాడు.

టేపు వేశారు. మాటలూ పెదవులూ ఎక్కడా కలవలేదు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. ముందు వరసలో దేవదానం గారు తల దించుకుని తన ఉంగరం తిప్పుకుంటున్నారు.

"ఏడాది పాటు ఆ పిల్ల పక్కన కూర్చోవడానికి ఎవరు వెళ్తారు?" అని అడిగారు పాస్టరుగారు.

ఒక్క పూటలో పంపూ పైపులూ ఓడా సమకూర్చిన సంఘం అది. ఇప్పుడు అందరూ ఎవరి ఒళ్ళో బైబిలు వాళ్ళు చూసుకుంటున్నారు. ఒకరికి ప్రాజెక్టు, ఒకరికి ప్రమోషను. వెనక ఎవరిదో సెల్‌ఫోను మోగితే, మోగినందుకు సంతోషిస్తున్నట్టే లేచి బయటికి వెళ్ళాడు.

"నేను పోత," అంది నవత. "కాని బడికని ఇప్పుడేం మిగల్లేదు కద."

దేవదానం గారు గొంతు సవరించుకున్నారు. "ఓడ వెనక్కి రాదు. పంపు వెంట మా ఫిట్టరు రామకృష్ణని పంపుదామనుకున్నాం. ఏడాది పాటు అక్కడే ఉండి పంపు చూసుకునే మనిషికి టికెట్టూ, తిండీ, బసా అన్నీ ఏర్పాటయ్యాయి. తీరా చూస్తే వాళ్ళావిడ పంపనంటోంది. పేరు మార్చడమొక్కటే పని. ఆ కాగితాల మీద నీ పేరు రాయిస్తానమ్మా."

"నాకు పంపు బిగించుడు రాదు సార్."

దేవదానం గారు గోడ పక్కనున్న ఆదినారాయణ వైపు చూశారు. "ఏం వచ్చో చూసుకుని ఇంతవరకూ ఎవరం ఏ పని చేశాం గనక?"

నవత రాజీనామా ఇచ్చి, వారం రోజులు బాలానగర్ ఫ్యాక్టరీలో రామకృష్ణ దగ్గర నట్లు బిగించడం నేర్చుకుంది. నల్లటి చేతులతోనే ఆదినారాయణ ఇంటికి వచ్చి, శారదాదేవి పెట్టిన పెసరట్టు తిని వెళ్ళింది. మలావీలో దిగినప్పుడు కాగితాల్లో ఆమె మోటారు పంపుల ఫిట్టరు. అలా ఆ బడి మూతపడకుండా నిలబెట్టింది ఎవరికీ అక్కర్లేని పంపు.

వానాకాలం వెళ్ళాక కొత్త టేపు వచ్చింది. ఆదినారాయణ, పృథ్వీరాజ్ తలుపు వేసుకుని చూశారు. బొమ్మ కొంచెం వంకరగా ఉంది. కెమెరాను ఎవరో రాయి మీద పెట్టి వదిలేసినట్టున్నారు. బడి వెనక కూరగాయల మడికి సరస్సు నీళ్ళు తోడుతూ పంపు గడగడలాడుతోంది. దాని ఒంటినిండా సుద్దముక్కతో రాసిన బీలు, సగం బొజ్జలు ఇటు, సగం బొజ్జలు అటు. నేల మీద చిసోమో, పక్కనే మఠం వేసుకుని నవత.

చిసోమో లేచి పంపు మీద ఇంకో బి రాసింది. బొజ్జ సరైన వైపే వచ్చింది. కెమెరా వైపు తిరిగి, ఈసారి నవ్వుతూ, ఏదో గబగబా చెప్పింది.

పృథ్వీరాజ్ టేపు ఆపాడు. "ఏమన్నది సార్? లిప్ల మూడు బకారాలున్నయి. మస్తు సెట్ అయితది."

ఆదినారాయణ కలం మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు.

"నాకా భాష రాదయ్యా. నవతకి ఫోన్ కలుపు."