కూర్మారావు గారి ట్రాక్ డే

నీటిపారుదల శాఖలో పదవీ విరమణ చేసిన మర్నాటి ఉదయం కూర్మారావు గారు ఎర్రటి పాతకాలపు స్పోర్ట్స్ కారుగా మారారు. ఇందులో వింతేమీ లేదు. విరమణ చేసిన ఉద్యోగి, వయసులో ఉండగా మనసుపడి కొనుక్కోలేకపోయిన వాహనంగా మారడం సర్వీసు నిబంధనల్లో ఉన్నదే. ఎదురింటి బ్యాంకు మేనేజరు మోపెడ్ అయ్యారు. వెనక వీధి హెడ్మాస్టరు గారు గుర్రబ్బండి అయితే, గుర్రాన్ని శాఖ ఇస్తుందా, కుటుంబం కొనుక్కోవాలా అన్న దాని మీద ఇప్పటికీ ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి.

ఆయన భార్య ఇందుమతిని ఆశ్చర్యపరిచింది మారడం కాదు, ఎరుపు. ఆయన ఇన్నేళ్ళూ బిస్కట్ రంగు చొక్కా తప్ప తొడగలేదు. స్కూటరు మీద సైకిళ్ళకు దారిచ్చే మనిషి. అలాంటాయన పోర్టికోలో రెండే సీట్లతో, పైకప్పు లేకుండా, పొడుగాటి ముక్కుతో మెరిసిపోతున్నారు. ఇంత కోరిక ఇన్నాళ్ళూ తన పక్కనే పడుకుని లేచిందన్నమాట. ఆమె చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నాతో చెప్పొచ్చు కదండీ," అంది. హెడ్‌లైట్లు కొద్దిగా మందగించాయి.

మాట్లాడుకోవడానికి ఇబ్బంది రాలేదు. లైటు ఒకసారి వెలిగితే అవును, వైపర్లు కదిలితే కాదు. మనిషిగా ఉన్నప్పుడు ఆయన మాట్లాడినదాంతో పోలిస్తే ఇది కొంచెం ఎక్కువే.

"అన్నయ్యగారి బానెట్ మీద వడియాలు పెట్టావా వదినా?" అని అడిగింది ఎదురింటి పైడమ్మ.

"ఎండకన్నా ఈయనే నయం. కాకులొస్తే హారన్ కూడా కొడుతున్నారు."

"అదృష్టవంతురాలివి. మా మోపెడ్ మీద కరివేపాకు రెబ్బ కూడా నిలవదు. మైలేజీ ఇస్తున్నారు, అంతే. మనిషిగా ఉన్నప్పుడూ అంతే అనుకో."

చిక్కల్లా ట్రాక్ డే దగ్గర వచ్చింది. మారిన ఏడాదిలోగా ప్రతి వాహనాన్నీ జీవిత భాగస్వామే ట్రాక్ మీద నడపాలి. తన తరగతికి తగ్గ వేగాన్ని అది ఒక్కసారైనా అందుకోవాలి. మోపెడ్‌కి గంటకి ముప్ఫై కిలోమీటర్లు చాలు. స్పోర్ట్స్ కారుకి వంద. అందుకోకపోతే దాన్ని స్థిర వాహనంగా ప్రకటించి, చక్రాలు ఊడదీసి, జిల్లా కార్యాలయం ముందు పచ్చికలో దిమ్మె మీద నిలబెడతారు. కుటుంబ సభ్యులు ఆదివారాలు వచ్చి చూసుకోవచ్చు. తుడవడానికి గుడ్డ వాళ్ళే తెచ్చుకోవాలి.

ఇందుమతికి డ్రైవింగ్ రాదు. నేర్చుకుంటానన్నప్పుడల్లా కూర్మారావు గారు "నీకెందుకే శ్రమ, నేనున్నాగా" అనేవారు. ఇప్పుడు ఉన్నారు కాబట్టే ఆమె నేర్చుకోవలసి వచ్చింది. డ్రైవింగ్ స్కూలు కారు మీద గేర్లు నేర్చుకుని, సాయంత్రాలు ఆయన మీద సాధన చేసింది. క్లచ్ తప్పుగా తొక్కినప్పుడు ఆయన చిన్నగా దగ్గేవారు. "అరవకండి, నేర్చుకుంటున్నా కదా," అనేది ఆమె.

ట్రాక్ ఊరి బయట, ఎప్పుడో మూతపడ్డ విమానాల రన్‌వే మీద ఉంది. ఆ రోజు ఇందుమతి ఆయనకు పసుపు కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. అవి చితుకుతుంటే చక్కిలిగింత పుట్టినట్టు వైపర్లు అటూ ఇటూ ఊగాయి.

విశ్రాంత వాహనాల విభాగం అధికారి చింతాడ రవణ జెండా పట్టుకుని ఉన్నాడు. "మూడు రౌండ్లు మేడమ్. మూడింట్లో ఎప్పుడైనా ఒక్కసారి వంద కొడితే చాలు. లేదంటే చక్రాలు ఇక్కడే దింపేస్తాం. సారుకేమన్నా తాగడానికి కావాలా?"

"పెట్రోలు పోయించుకునే వచ్చారు బాబూ."

మొదటి రౌండ్లో కూర్మారావు గారు నలభై దాటలేదు. ఆమె యాక్సిలరేటర్ అడుగంటా నొక్కింది. ఇంజను గొంతు పెంచింది కానీ, ముల్లు మాత్రం నలభై దగ్గర ఆగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, ఏ లోపమూ లేదన్నాడు. దూరంగా పచ్చిక మీద అప్పటికే ఇద్దరు ముగ్గురి చక్రాలు దింపుతున్నారు. వాళ్ళ భార్యలు టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

రెండో రౌండ్లో, మలుపు తిరుగుతుండగా, ఇందుమతికి తన గొంతు తనకే వినిపించింది. "నెమ్మదండీ." తన ఎడమ చెయ్యి గేరు వదిలేసి డాష్‌బోర్డును నొక్కి పట్టుకుని ఉంది. స్కూటరు వెనక కూర్చుని ఆయన భుజాన్ని నొక్కినట్టే. పెళ్ళయిన వారం నుంచీ ప్రతి మలుపులోనూ ఆ చెయ్యి అలాగే నొక్కింది, ఆ నోరు అలాగే అంది. రోజూ గేటు దగ్గర కూడా అనేది. ఆయన ఏనాడూ కాదనలేదు. ఇప్పుడూ అనడం లేదు.

"ఏటి మేడమ్, ఇంకొక్క రౌండే ఉంది," అన్నాడు రవణ. మెకానిక్ జాకీ తెచ్చి పక్కన పెట్టుకున్నాడు.

మూడో రౌండుకి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని బయల్దేరింది. ముల్లు అరవై దాకా వెళ్ళి తటపటాయించింది. ఆమె ఎప్పుడూ అనే మాట వినపడకపోతే ఏం చెయ్యాలో ఆయనకు తెలియడం లేదు. మలుపు దాటితే మిగిలింది తిన్నని దారి, అదీ కాస్తే.

అప్పుడు ఆమెకు ఇంకో మాట గుర్తొచ్చింది. స్కూటరు కదిలించే ముందు ఆయన తల తిప్పకుండా "పట్టుకున్నావా?" అనేవారు. జవాబు వినపడందే గేరు వేసేవారు కాదు. వానైనా, వెనక లారీ నిలబడ్డా.

ఇందుమతి కొంగు ఉమ్మేసి, స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"పట్టుకున్నానండీ. పదండి."

కూర్మారావు గారు వెళ్ళారు. ఆమె ముడి ఊడిపోయింది. పూలు ఎక్కడ పడ్డాయో తెలియలేదు. ఎవరో పెద్దగా నవ్వుతున్నారు, అది తనేనని కొంతసేపటికి గుర్తుపట్టింది. ముల్లు వంద దాటి, అక్కడ ఆగడానికి కారణమేదీ కనిపించనట్టు ఇంకా పైకి పోయింది. రవణ జెండా ఊపడం మరిచిపోయాడు.

కాగితం మీద ముద్ర వేసి ఇస్తూ ఊసుపోక అడిగాడు. "మీరైతే ఏటవుతారమ్మా?"

"నాకు రిటైర్మెంట్ ఎక్కడిది బాబూ."

అతను నియమావళి తిరగేశాడు. నిజమే. గృహిణులకు విరమణ తేదీ లేదు కాబట్టి, మారే అవకాశమూ లేదు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా. "పోన్లెండమ్మా, మీకా బాధ లేదు," అని నవ్వాడు.

తిరిగి వస్తుంటే ఊరి మొదట్లో సిగ్నల్ పడింది. ఇందుమతి ఆలోచనలో పడింది. అవకాశమే ఉంటే ఏమై ఉండేది? తనూ ఏదో ఒకటి అనుకునే ఉంటుంది, కాలేజీలో చదువుకునే రోజుల్లో. ఏమిటది? కుక్కర్ విజిల్సూ, పాల ప్యాకెట్లూ, రేపటి కూరా వరసగా గుర్తొచ్చాయి. అది మాత్రం రాలేదు.

"ఏమండీ, మీకేమైనా తెలుసా, నేనేమవుదామనుకున్నానో?"

వైపర్లు ఒకసారి కదిలాయి. చాలా నెమ్మదిగా.

పచ్చలైటు పడింది. ఆమె యాక్సిలరేటర్ నొక్కింది. కూర్మారావు గారు కదల్లేదు. వెనక బస్సు హారన్ కొట్టింది, ఆటోవాడు తిట్టి పక్కనుంచి పోయాడు. ఇంజను మెల్లగా ఆడుతూనే ఉంది. ఆమె జవాబు చెప్పందే గేరు వెయ్యడం ఆయనకు అలవాటు లేదు.

మళ్ళీ ఎర్రలైటు పడింది. ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది.