ల్యాబు తాళం చల్లగా ఉండాలి

మిత్రులారా, బడిలో సైన్సు ల్యాబుకు తాళం వేసి ఉంచడం మన పిల్లలకు దొరికిన వరం! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను.

తాళం తీస్తే ఏమవుతుంది? అయస్కాంతం పిల్లల చేతికొస్తుంది. కింద పడేస్తారు. పడితే బలం తగ్గుతుందని పుస్తకంలోనే ఉంది. బీరువాలో ఉంటే ఆ ఫికరే లేదు!

మా అమ్మాయి మౌనికనే చూడండి. పదో తరగతి. విద్యుదయస్కాంతం అంటే చాలు, నాలుగు మార్కుల జవాబు గడగడా అప్పజెబుతుంది. కుడిచేతి బొటనవేలి నియమమా? పరీక్షలో కుడిచేతిలో పెన్ను ఉంటుంది కదా, ఎడమచేత్తో చూసుకుంటుంది. దిక్కు తిరగబడుతుంది, అంతే!

అలాంటి బంగారాన్ని పట్టుకుని, సోమవారం క్లాసులో అందరి ముందూ తీగ చుట్టిన మేకుతో గుండుసూదులు లేపి చూపించమన్నారు సైన్సు సారు. ఎంత అన్యాయం!

ఆదివారం చర్చి నుంచి రాగానే తల్లీకూతుళ్లు పనిలో దిగారు. మా ఆవిడ రాహేలు బట్టలు కుడుతుంది.

"ఒంటి పోగు ఆగదు బిడ్డా, డబుల్ చెయ్" అంది.

రాగి తీగను సగానికి మడిచి, జంటగా మేకుకు చుట్టారు. కుట్టు ఎంత నీటుగా ఉందో! కొసల మీది పూత గీకి టార్చి సెల్లుకు తగిలించారు. తీగ వేడెక్కింది. సూది ఒక్కటీ కదల్లేదు.

"డాడీ, రేపు నన్ను చూసి అందరు నవ్వుతరు" అని మౌనిక ఏడుపు మొహం పెట్టింది.

నేను ఎనిమిదో తరగతి ఫెయిల్. కానీ ముప్పై ఏళ్లుగా స్టేషన్ ఘన్‌పూర్‌లో బోరు మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ పని చేస్తున్నాను.

"మడిచినవ్ గదనే! పొయ్యే కరెంటు ఒక దిక్కు తిరుగుతది, వచ్చేది ఉల్టా తిరుగుతది. ఒకటి కట్టింది ఇంకోటి కూలగొడ్తది."

"పుస్తకంల మడవొద్దని రాయలె గదా!"

"పుస్తకం రాసినాయన మీ అమ్మ దగ్గర కుట్టుపని నేర్వలె బిడ్డా."

"అవ్, ఇగ తప్పంత నా మీదికే తే!" అంది రాహేలు.

మడత విప్పి, ఒంటి తీగను ఒకే దిక్కుగా చుట్టాం. పదకొండు సూదులు లేచాయి! సెల్లు తీస్తే జలజలా రాలాయి.

సోమవారం నేనూ బడికెళ్లాను. సూదులు లేచాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. సుదర్శన్ సారు, ఎమ్మెస్సీ ఫిజిక్స్, మేకు అడిగి తీసుకున్నారు. సెల్లు పెట్టారు. తీశారు. మళ్లీ పెట్టారు.

నా చెవి దగ్గరికొచ్చి మెల్లగా అన్నారు: "ఫ్రాన్సిసన్నా, నేను చదివిన బడిల గూడ ల్యాబుకు తాళమే ఉండె. పదేండ్ల సంది ఈ పాఠం చెప్తాన. సూదులు లేవంగ సూసుడు ఇదే మొదలు."

బెల్లు మోగింది. లెక్కల టీచరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. సారు తలెత్తలేదు. మళ్లీ సెల్లు పెట్టారు.