హెల్మి గారి పుట్టగొడుగుల చోటు

తన అత్తగారిని ఎవరో ఒకరు దుప్పి అనుకుని కాల్చేస్తారేమో. కెర్తుకు అన్నిటికంటే పెద్ద భయం అదే. ఒళ్లో ఏడు నెలల పాప నిద్రపోతున్నా, ఆమె చెవులు మాత్రం అడవిలోనే ఉండేవి.

అక్టోబరు నెల, శనివారం. పొద్దున్నే కాఫీ తాగి, అత్తగారు హెల్మి గారు మట్టిరంగు కోటు తొడుక్కుని, బుట్టతో పుట్టగొడుగుల కోసం అడవికి బయల్దేరారు. రోడ్డు మలుపులో అప్పటికే దుప్పుల వేట జరుగుతోందని బోర్డు పెట్టేశారు.

"అత్తయ్యా, ఈ నారింజరంగు జాకెట్టు వేసుకోండి. బతిమాలుకుంటున్నాను."

"అది వేసుకుంటే కిలోమీటరు దూరానికి కనిపిస్తాను. నా చోటు ఊరందరికీ చూపించమంటావా?"

"పోనీ, ఎటు వెళ్తున్నారో చెప్పండి."

"నలభై ఏళ్లు కాపురం చేసిన మీ మామయ్యకే చెప్పలేదు. నిన్నగాక మొన్న వచ్చావు, నీకు చెబుతానా?"

ఆ ఊళ్లో పుట్టగొడుగుల చోటు అడగడం మర్యాద కాదు. ఆస్తి పంచుకున్న అన్నదమ్ములు కూడా చోటు పంచుకోరు.

అరగంట తర్వాత దూరంగా ఒక తుపాకి పేలింది. కెర్తు వెంటనే వేట జట్టు పెద్ద తౌనోకు ఫోన్ చేసింది.

"మా అత్తయ్య అడవిలో ఉన్నారండీ, మట్టిరంగు కోటుతో!"

"ఏ పక్కో చెప్పమ్మా, అటు తుపాకి తిప్పం."

"తెలీదు."

"అయితే ఎటూ తిప్పలేం," అని నిట్టూర్చి తౌనో వేట ఆపించాడు.

పన్నెండు మంది వేటగాళ్లు తుపాకుల్లోంచి తూటాలు తీసేసి, వరసగా నిలబడి, "హెల్మక్కా!" అని కేకలేస్తూ అడవిని జల్లెడ పట్టారు. వెనకాల కెర్తు చెట్ల వేళ్ల మీదుగా పాప బండిని తోసుకుంటూ, "మనుషులమే, కాల్చకండి!" అని ఆ ఖాళీ తుపాకులకే మొరపెట్టుకుంటోంది. కొమ్ముల దుప్పి ఒకటి వాళ్ల మధ్యనుంచే తాపీగా నడిచి వెళ్లిపోయింది.

హెల్మి గారికి ఆ కేకలు మరోలా అర్థమయ్యాయి. ఊరంతా ఏకమై తన చోటు కోసం గాలిస్తోందనుకుని, చెట్టు కొమ్మల కిందికి దూరి ఊపిరి బిగబట్టారు. కేకలు దగ్గరైనకొద్దీ ఇంకా లోపలికి పాకారు. ఎంతకీ బదులు రాకపోయేసరికి కెర్తుకు ఏడుపు ఆగలేదు. తల్లిని చూసి పాప కూడా అందుకుంది.

"పసిదాన్ని ఈ చలిలో ఎందుకు తెచ్చావే!" అంటూ హెల్మి గారు కొమ్మలు తోసుకుని బయటికొచ్చేశారు.

కెర్తు పరుగెత్తి ఆవిడను వాటేసుకుంది. వేటగాళ్లు టోపీలు తీసి హమ్మయ్య అనుకున్నారు. తర్వాత కిందికి చూశారు. నాచంతా పసుపుపచ్చ కాడల పుట్టగొడుగులు. పన్నెండు మందీ వంగి ఏరడం మొదలుపెట్టారు.

"ఒరే తౌనో! ఇంతకంటే నన్ను కాల్చినా బాగుండేదిరా!"

"నువ్వు క్షేమంగా ఉన్నావు, అదే పదివేలు అక్కా," అన్నాడు తౌనో తలెత్తకుండా. అతని టోపీ నిండిపోతోంది.

ఆ రోజు దుప్పి పడలేదు గాని, పన్నెండు ఇళ్లలో వెన్నలో పుట్టగొడుగులు వేగాయి. వారం తిరక్కుండా హెల్మి గారు కొత్త చోటు వెతుక్కున్నారు. అది వేటగాళ్లకే దారి తెలియనంత లోపల ఉందట. కెర్తు భయం రెట్టింపైంది.

కాబట్టి శనివారం మీరు ఆ అడవి వైపు వెళ్తే, "హెల్మి గారూ, బాగున్నారా?" అని ఒక్క కేక వేయండి. బదులు రాగానే, కిందికి చూడకుండా వెనక్కి వచ్చేయండి.