పద్నాలుగో తేదీ ఖాళీ లేదు

మానవజాతి ఇన్ని వేల ఏళ్లుగా చేస్తూ వచ్చిన ఘనకార్యాలన్నీ ఏడాదికి మూడువందల అరవై ఐదు రోజుల్లోనే ఇరుక్కుని సర్దుకోవలసి రావడం సృష్టిలో దొర్లిన అతి పెద్ద ప్రణాళికా లోపం. యుద్ధాలు పెరిగాయి, పట్టాభిషేకాలు పెరిగాయి, సబ్బు ఫ్యాక్టరీల ప్రారంభోత్సవాలు పెరిగాయి, రోజులు మాత్రం పెరగలేదు. ఈ రద్దీని అదుపు చేయడానికి పుట్టిందే చారిత్రక తేదీల కేటాయింపు కార్యాలయం. ఒక్కో తేదీకి నలభై సంఘటనలు మించకూడదన్నది దాని మొదటి నిబంధన. (ఈ నిబంధన వెలువడిన తేదీకి అప్పటికే ముప్పై తొమ్మిది సంఘటనలు ఉన్నాయి. నలభయ్యోది ఈ నిబంధనే.)

ఇలాంటి కార్యాలయం ఒకటి ఉందని కూడా తెలియకుండా టైలరక్క జీవితంలో సగం గడిచిపోయింది. ఆరంతస్తుల భవనంలో అయిదో అంతస్తు ఆమె ఇల్లు. ముందుగదే కొట్టు. లిఫ్టు ఆగిపోయిన నాటి నుంచి గిరాకీ పల్చబడుతూ వచ్చింది. అయిదంతస్తులు ఎక్కి కొలతలిచ్చిన మనిషి, బట్ట పట్టుకెళ్లడానికి మళ్లీ అయిదంతస్తులు ఎక్కేసరికి నడుం రెండంగుళాలు తగ్గేది. ప్యాంటు వదులుగా కుట్టావని తగాదా పడేవాడు. తగాదా పడ్డవాళ్లు మళ్లీ రాలేదు, పడని వాళ్లకు ఎక్కే ఓపిక లేకపోయింది. చివరికి ఆమె మిషను మీద దుమ్ము తుడవడం తప్ప ఇంకో పని లేని రోజులు వచ్చాయి. ఇంకో ఆరు నెలలు ఇలాగే సాగితే మిషను అమ్ముకోవాల్సిందే.

ఆమెకు తోడు ఆరో అంతస్తు పిన్ని. సొంత పిన్నేమీ కాదు, మెట్ల మీద కలిసిన చుట్టరికం. మోకాళ్లు అరిగిన మనిషి. కూరల సంచీతో ఎక్కుతూ రోజూ టైలరక్క గుమ్మంలో కూలబడి మంచినీళ్లు అడిగేది.

"లిఫ్టు బాగైన రోజున మొదట నువ్వూ నేనే ఎక్కాలమ్మాయ్," అనేది పిన్ని. "కిందికీ పైకీ నాలుగుసార్లు తిరగాలి. ఊరికే."

"అలాగే పిన్నీ, పదిసార్లు తిరుగుదాం," అనేది టైలరక్క.

ఆ రోజు వచ్చింది. లిఫ్టు బాగైంది. కాకపోతే ఆగిన పదేళ్ల రెండు రోజులకు బాగైంది. మెకానిక్ మూడు రోజుల ముందే పూర్తి చేసేవాడే గానీ, అతను వాడుతున్న స్క్రూడ్రైవరు సొంతదని తేలడంతో, లిఫ్టుల కార్యాలయం వారి స్క్రూడ్రైవరు మంజూరయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ మూడు రోజులే కొంప ముంచాయి. పదేళ్లలోపు పూర్తయితే అది మరమ్మతు. పదేళ్లు దాటి పూర్తయిన ఏ పనైనా చారిత్రక సంఘటన. చారిత్రక సంఘటనకు తేదీ కేటాయింపు జరగనిదే దాన్ని జరిగినట్టు పరిగణించడానికి వీల్లేదు.

మెకానిక్ పైకి వెళ్లే మీట మీద కాగితం అంటించి సీలు వేశాడు.

"పనిచేస్తుందిగా?" అంది టైలరక్క.

"బ్రహ్మాండంగా పనిచేస్తుందక్కా. అందుకే సీలు వేశాను. పనిచేయని దానికి సీలెందుకు?"

తేదీల కార్యాలయం పక్క వీధిలోనే, కింది అంతస్తులోనే ఉంది. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, దరఖాస్తు మొత్తం చదివాడు, రిజిస్టరు తెరిచి లిఫ్టు బాగైన ఆ నెల పద్నాలుగో తేదీ పేజీ చూపించాడు. పేజీ కిటకిటలాడుతోంది. ఒక రాజు పట్టాభిషేకం, నాలుగేళ్ల తర్వాత అదే తేదీన ఆ రాజును దించేయడం. మీట నొక్కితే తెరుచుకునే మొట్టమొదటి గొడుగు. యుద్ధాలు మొదలైనవి రెండు, ముగిసినది ఒకటి. (మిగిలిన యుద్ధం ఏమైందన్న దానిపై విచారణ నడుస్తోంది.)

"నలభైకి నలభై నిండాయమ్మా," అన్నాడు అధికారి. "మీ లిఫ్టు పదమూడున బాగై ఉంటే నాలుగు ఖాళీలుండేవి."

"పదమూడున బాగైందని రాసుకోండి సార్."

అధికారి కళ్లజోడు తీసి ఆమె వంక జాలిగా చూశాడు. "అది చరిత్రను వక్రీకరించడం అవుతుంది. దానికి ఫారం వేరే ఉంది. ఆ ఫారాలు అయిపోయాయి, గిరాకీ ఎక్కువ."

ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన బోలెడు చోటుందని ఆయనే చెప్పాడు. అయితే ఆ తేదీ తీసుకుంటే లిఫ్టు నాలుగేళ్లకోసారి నడుస్తుంది. ఇక మిగిలింది ఒకటే దారి. పద్నాలుగో తేదీలో ఉన్న ఏదైనా సంఘటన తాలూకు వారసులు తమకు అభ్యంతరం లేదని సంతకం పెడితే ఆ చోటు ఖాళీ అవుతుంది.

టైలరక్క పేజీని పైనుంచి కిందికి చూసింది. బట్టలో ఏ కుట్టు ముందు ఊడుతుందో చెప్పగల కళ్లు ఆమెవి. ఇరవై ఏడో వరుస దగ్గర వేలు ఆగింది. "కొత్త భూభాగాన్ని కనుగొనేందుకు ఓడ బయలుదేరుట." చేరుట అని ఎక్కడా లేదు.

ఆ ఓడ నడిపిన ఆసామి మునిమనవడు మార్కెట్టు మూలన మారు తాళంచెవులు చేసే కొట్టు నడుపుతున్నాడు. సంగతి వినగానే నవ్వేశాడు.

"మా ముత్తాత బయలుదేరిన మాట నిజమేనమ్మా. రేవు దాటాక, ఇంటి తాళంచెవి జేబులోనే ఉండిపోయిందనీ, ఇంట్లోవాళ్లు లోపలే ఉన్నారనీ గుర్తొచ్చి మర్నాడు వెనక్కి వచ్చేశాడు. ఆ రావడం చరిత్రకెక్కలేదు. పదిహేనో తేదీ అప్పటికే నిండిపోయిందట."

తన ప్యాంటు జేబు చిరిగి తాళంచెవులు జారిపోతున్నాయి, అది కుట్టిపెడితే సంతకం పెడతానన్నాడు. ఆమె అక్కడే నిలబడి కుట్టింది. అతను అక్కడే కూర్చుని సంతకం పెట్టాడు. ఇంత సులువుగా ఒక పని జరగడం చూసి ఆమెకు లోపల కాస్త భయం వేసింది.

ఆ భయం వృథా పోలేదు. అధికారి ఆ కాగితం చూసి లేచి నిలబడి మరీ అభినందించాడు.

"ఒక చారిత్రక సంఘటనను చరిత్ర నుంచి తొలగించడం ఈ కార్యాలయంలో ఇదే మొదటిసారి. మామూలు విషయం కాదమ్మా ఇది." అంటూ ఓడను కొట్టేసి, ఆ ఖాళీలో అందమైన దస్తూరీతో రాశాడు: "ఓడ బయలుదేరుటను తొలగించుట."

నలభైకి నలభై.

టైలరక్క ఆ సాయంత్రం మెట్లెక్కలేదు. కింది అంతస్తులో తలుపు తెరుచుకుని ఉన్న లిఫ్టు ముందు నిలబడింది. లోపల దీపం వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, గోడకు నిలువెత్తు అద్దం ఉంది. సీలు మీది నిబంధన చదివింది. ఈ లిఫ్టు పైకి గానీ కిందికి గానీ కదలరాదు. కదలకుండా ఉన్నప్పుడు ఏం చేయరాదో ఎక్కడా రాయలేదు.

మర్నాడు మిషను కిందికి దిగింది. లిఫ్టులో చోటు కొలిచి కుట్టించుకున్నట్టు సరిపోయింది. దారిన పోయేవాళ్లు అద్దం చూసి ఆగారు, ఆగినవాళ్లు మిషను చూశారు, మిషను చూసినవాళ్లకు ఇంట్లో చిరిగిన బట్టలు గుర్తొచ్చాయి. వారం తిరిగేసరికి వరుస వీధిలోకి వచ్చింది. పదేళ్లుగా చూడని గిరాకీ. టైలరక్కకు ఒళ్లు హూనమై ఒకపక్క, పట్టరాని సంతోషం ఒకపక్క. రోజూ కూరల సంచీతో ఆ వరుసను తప్పించుకుని మెట్లెక్కేముందు పిన్ని ఒకసారి లిఫ్టులోకి తొంగి చూసి, "నా కోసమైనా ఆ తేదీ తొందరగా రావాలమ్మాయ్," అనేది.

వచ్చింది. మూడో నెలలో అధికారి స్వయంగా, కాలరు తిరగేయించుకోవాల్సిన చొక్కా ఒక చేత్తో, ఉత్తర్వు ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు.

"విచారణ ముగిసిందమ్మా. ఆ మిగిలిన యుద్ధం అసలు మొదలే కాలేదట. రెండు సైన్యాలూ వేరువేరు మైదానాలకు వెళ్లి, సాయంత్రం దాకా ఎదురుచూసి, ఎవరిళ్లకు వాళ్లు వచ్చేశాయట. దాని చోటు మీకే ఇచ్చాం."

"ఈ తీసేయడాన్ని కూడా మళ్లీ అక్కడే రాయరా సార్?"

"తొలగింపు మొదటిసారి జరిగితేనే చరిత్ర. రెండోసారి నుంచి అది రోజువారీ పని." సీలు తీయాల్సింది దరఖాస్తుదారేనని చెప్పి, చొక్కా ఎప్పటికవుతుందో అడిగి వెళ్లిపోయాడు.

టైలరక్క ఉత్తర్వు రెండుసార్లు చదివింది. వరుస వంక చూసింది. సీలు తీస్తే లిఫ్టు నడుస్తుంది. లిఫ్టు నడిస్తే మిషను అయిదో అంతస్తుకు పోతుంది. మిషను వెనక ఈ జనం పైకి వస్తారో రారో ఏ రిజిస్టరులోనూ రాసిలేదు. ఆమెకు సిగ్గు వేసింది. నిజంగానే వేసింది. ఆ సిగ్గుతోనే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మిషను సొరుగులో దారపు కండెల కింద పెట్టింది.

సొరుగు మూస్తుండగా పిన్ని వచ్చింది. సంచీ కింద పెట్టి, లిఫ్టు తలుపు పట్టుకుని కాసేపు రొప్పింది.

"ఆఫీసాయన వచ్చి వెళ్లాడుగా, ఏమన్నాడమ్మాయ్?"

టైలరక్క నోట్లోని గుండుసూదులు తీసింది. కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది. ఆ తర్వాత కళ్లజోడు తీసి, పిన్ని వంక జాలిగా చూసింది.

"ఖాళీ లేదట పిన్నీ."